ఆండ్రాయిడ్ యాప్ జాబితాల్లో కాంటెక్స్ట్ మెనూ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జాబితాలోని ఒక వరుసను వేలితో నొక్కి పట్టుకుంటే, ఆ వరుసకు మాత్రమే సంబంధించిన పనులు, అంటే సవరించడం, తొలగించడం, పంచుకోవడం వంటివి, చిన్న మెనూగా తెరుచుకోవాలి. దీన్నే కాంటెక్స్ట్ మెనూ అంటారు. వినడానికి ఇది సులువే. కానీ ఆండ్రాయిడ్‌లో ఈ పని జాబితా రకాన్ని బట్టి, వరుసలో పెట్టిన బటన్లను బట్టి, ఆ తెరను యాక్టివిటీ (తెర మొత్తాన్ని నడిపే భాగం) నడుపుతోందా ఫ్రాగ్మెంట్ (తెరలో కొంత భాగాన్ని నడిపేది) నడుపుతోందా అన్నదాన్ని బట్టి వేర్వేరు దారుల్లో సాగుతుంది. కింది జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాము. అది కిరాణా కొట్టు యజమాని తన ఖాతాదారుల బాకీలు రాసుకునే యాప్. ఒక్కో వరుస ఒక్కో ఖాతాదారుది. పేరు, బాకీ మొత్తం, ఫోన్ నంబరు, ఫోన్ చేయడానికి ఒక చిన్న బటన్ ఆ వరుసలో ఉంటాయి.

వరుసను నొక్కి పట్టుకున్నా మెనూ తెరుచుకోవడం లేదు. ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి?

కోడ్‌లో ఏదీ మార్చకముందే, మెనూను తయారుచేసే ఆన్‌క్రియేట్‌కాంటెక్స్ట్‌మెనూ అనే పద్ధతిలో (మెథడ్‌లో) మొదటి పంక్తిగా ఒక లాగ్ సందేశం, అంటే యాప్ నడుస్తుండగా డెవలపర్‌కు కనబడే సందేశం, పెట్టండి. వరుసను నొక్కి పట్టుకున్నప్పుడు ఆ సందేశం రాకపోతే, తాకిడి మెనూ దాకా చేరడం లేదని అర్థం. అప్పుడు మెనూ ఫైలును ఎంత సరిదిద్దినా ప్రయోజనం ఉండదు, జాబితాను మెనూ కోసం నమోదు చేసిన తీరునూ వరుస లేఅవుట్‌నూ చూడాలి. సందేశం వచ్చి కూడా తెర మీద ఏమీ కనబడకపోతే, మెనూ ఖాళీగా ఉందన్నమాట. కనబడే అంశం ఒక్కటైనా లేని మెనూను ఆండ్రాయిడ్ అసలు చూపించదు, తప్పు జరిగిందని చెప్పదు కూడా. మెనూ ఫైలును ఇన్‌ఫ్లేట్ చేయడం, అంటే చదివి మెనూగా మార్చడం, మరిచిపోయినా, ఏదో షరతు వల్ల అన్ని అంశాలనూ సెట్‌విజిబుల్‌తో దాచేసినా ఫలితం ఇదే.

అనుమతులను బట్టి అంశాలను దాచే యాప్‌లలో ఈ రెండో రకం ఎక్కువగా ఎదురవుతుంది. యజమాని ఫోన్‌లో మెనూ వస్తుంది, కొట్టులో పనిచేసే కుర్రవాడి లాగిన్‌తో రాదు. అలాంటి చోట మెనూను పూర్తిగా ఖాళీ చేయకుండా, అందరికీ పనికొచ్చే ఒక అంశాన్నైనా, ఉదాహరణకు వివరాలు చూడటాన్ని, ఉంచడం మంచిది.

లాగ్ సందేశం అసలు రావడం లేదు. జాబితాను మెనూకు నమోదు చేసే రిజిస్టర్‌ఫర్‌కాంటెక్స్ట్‌మెనూను పిలిచాను కదా?

పిలిచిన చోటు, పిలిచిన వారు ఎవరన్నది రెండూ ముఖ్యమే. యాక్టివిటీలో అయితే సెట్‌కంటెంట్‌వ్యూ తరువాతే పిలవాలి. అంతకుముందు జాబితా దొరకదు కాబట్టి యాప్ అక్కడే కూలిపోతుంది. ఫ్రాగ్మెంట్‌లో అయితే ఆన్‌వ్యూక్రియేటెడ్‌లో పిలవాలి. లిస్ట్‌ఫ్రాగ్మెంట్ వాడేవారు వ్యూ (తెర మీద కనబడే భాగం) తయారుకాకముందే గెట్‌లిస్ట్‌వ్యూను అడిగితే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఇంతకన్నా కనిపెట్టడం కష్టమైన పొరపాటు మరొకటి ఉంది. ఫ్రాగ్మెంట్ లోపల ఉండి యాక్టివిటీ ద్వారా నమోదు చేస్తే, మెనూను తయారుచేసే పిలుపు యాక్టివిటీకి వెళుతుంది, ఫ్రాగ్మెంట్‌లో మీరు రాసిన పద్ధతికి రాదు. మెనూను ఎవరు తయారు చేయాలో వారే నమోదు చేసుకోవాలి.

వరుసలో ఫోన్ బటన్ పెట్టినప్పటి నుంచి మెనూ రావడం మానేసింది. ఎందుకు?

లిస్ట్‌వ్యూ అనే పాత రకం జాబితా వాడే యాప్‌లలో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టే సమస్య ఇదే కనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. వేలు వరుస మీద పడగానే లిస్ట్‌వ్యూ ఆ వరుసలో ఫోకస్ (ఇన్‌పుట్‌ను తానే అందుకునే స్థితి) తీసుకోగల వ్యూ ఏదైనా ఉందా అని చూస్తుంది. ఉంటే, ఆ వరుసలోని తాకిడులను ఆ వ్యూ చూసుకుంటుందని భావించి, తాను నొక్కడాన్నీ నొక్కి పట్టుకోవడాన్నీ గమనించడం మానేస్తుంది. బటన్, ఇమేజ్‌బటన్, చెక్‌బాక్స్ మూడూ మామూలుగానే ఫోకస్ తీసుకునేవి. అందుచేత వరుస చివర చిన్న ఫోన్ బొమ్మ ఒక్కటి పెట్టినా వరుస మొత్తం మూగబోతుంది.

వరుస లేఅవుట్‌లో అన్నిటికన్నా పైనున్న వ్యూకు డిసెండెంట్‌ఫోకసబిలిటీ అనే లక్షణాన్ని బ్లాక్స్‌డిసెండెంట్స్ అని పెడితే సరిపోతుంది. బటన్ ఎప్పటిలాగే నొక్కితే పనిచేస్తుంది, వరుస మిగతా భాగం మెనూకు స్పందిస్తుంది. బటన్ మీదనే వేలు పెట్టి పట్టుకుంటే మాత్రం ఆ తాకిడి బటన్‌కే చెందుతుంది, మెనూ రాదు. అది లోపం కాదు.

ఫోన్ నంబరును లింకుగా మార్చే ఆటోలింక్ లక్షణం కూడా ఇలాంటిదే. దాన్ని పెట్టిన టెక్స్ట్‌వ్యూ తనంతట తాను ఫోకస్ తీసుకునేదిగా, నొక్కదగినదిగా మారిపోతుంది. అక్షరాలను ఎంచుకోనిచ్చే టెక్స్ట్‌ఈజ్‌సెలెక్టబుల్ లక్షణం అయితే నొక్కి పట్టుకోవడాన్ని తన పనికే వాడుకుంటుంది. మెనూ ఉన్న వరుసలో ఈ రెండూ వద్దన్నది మా అభిప్రాయం. నంబరును కాపీ చేసుకునే వీలును మెనూలోనే ఒక అంశంగా ఇవ్వవచ్చు.

మరొక కారణం, వరుసను తయారుచేసే గెట్‌వ్యూలో వరుసకే ఆన్‌క్లిక్‌లిజనర్ (నొక్కినప్పుడు నడిచే కోడ్) పెట్టడం. అలా చేస్తే వరుస తాకిడిని తానే మింగేస్తుంది, దానికి నొక్కి పట్టుకోవడం నేర్పలేదు కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. లిస్ట్‌వ్యూకు ఆన్‌ఐటమ్‌క్లిక్‌లిజనర్ ఉండగా వరుసకు విడిగా పెట్టవలసిన అవసరం లేదు.

లేఅవుట్ సరిగానే ఉంది, అయినా రావడం లేదు. నొక్కి పట్టుకోవడాన్ని ఇంకెవరు తీసుకుంటూ ఉండవచ్చు?

సాధారణంగా ముగ్గురిలో ఒకరు. మొదటిది ఆన్‌ఐటమ్‌లాంగ్‌క్లిక్‌లిజనర్. అది ట్రూ తిరిగి ఇస్తే పని పూర్తయిందని లిస్ట్‌వ్యూ నమ్ముతుంది, మెనూ జోలికి పోదు. ఫాల్స్ ఇస్తేనే మెనూ వస్తుంది. రెండవది, జాబితాకు ఛాయిస్‌మోడ్‌మల్టిపుల్‌మోడల్ పెట్టి ఉండటం. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో వచ్చిన ఈ పద్ధతిలో నొక్కి పట్టుకోవడం అంటే పలు వరుసలను ఎంచుకోవడం మొదలుపెట్టడమని అర్థం, తెర పైభాగంలో యాక్షన్ మోడ్ పట్టీ వస్తుంది. ఒకే సంజ్ఞకు రెండు అర్థాలు ఉండవు కాబట్టి మీకు కావలసినది ఏదో ముందే తేల్చుకోవాలి. నెల చివర పదిమందికి ఒకేసారి బాకీ గుర్తుచేసే సందేశం పంపాలంటే యాక్షన్ మోడ్ సరైనది, ఒక్కొక్క ఖాతా మీదే పని ఉంటే కాంటెక్స్ట్ మెనూ చాలు.

మూడవది, కొత్త రకం జాబితా అయిన రీసైక్లర్‌వ్యూలో వరుసలను జరపడానికి వాడే ఐటమ్‌టచ్‌హెల్పర్. మీరు అడగకపోయినా, దానిలో నొక్కి పట్టుకుని లాగే వీలు మొదటి నుంచీ ఉంటుంది. ఈజ్‌లాంగ్‌ప్రెస్‌డ్రాగ్‌ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేసి, లాగడానికి వరుసలో విడిగా ఒక పట్టు గుర్తు పెట్టి, దాన్ని తాకినప్పుడు స్టార్ట్‌డ్రాగ్‌ను పిలవండి.

మెనూ తెరుచుకుంటోంది, కానీ అంశాన్ని ఎంచుకుంటే ఏమీ జరగడం లేదు.

ఎంపిక ఆన్‌కాంటెక్స్ట్‌ఐటమ్‌సెలెక్టెడ్‌కు వస్తుంది. ముందు యాక్టివిటీకి, అది ఫాల్స్ అంటే ఒక్కొక్క ఫ్రాగ్మెంట్‌కు వరుసగా వెళుతుంది. యాక్టివిటీలోని పద్ధతి ప్రతిసారీ ట్రూ తిరిగి ఇస్తుంటే ఫ్రాగ్మెంట్‌లకు వార్తే చేరదు. మీకు తెలిసిన అంశానికి మాత్రమే ట్రూ ఇచ్చి, మిగతావాటిని సూపర్‌కు వదలడమే సరైన అలవాటు. ఆప్షన్స్ మెనూ కోసం ఉన్న ఆన్‌ఆప్షన్స్‌ఐటమ్‌సెలెక్టెడ్‌లో కోడ్ రాసి, ఇక్కడ ఫలితం కోసం ఎదురుచూసేవారూ ఉంటారు. పేర్లు దగ్గరగా ఉన్నా ఆ రెండూ వేర్వేరు మెనూలవి.

ఫోన్ భాష ఇంగ్లీషులో ఉంటే మెనూ పనిచేస్తోంది, తెలుగులోకి మార్చగానే ఎంపికలు పనిచేయడం లేదు.

ఎంచుకున్న అంశాన్ని దాని పేరుతో పోల్చి ఉంటారు. గెట్‌టైటిల్ ఇచ్చిన మాట డిలీట్ అనే ఇంగ్లీషు మాటతో సమానమా అని చూసే కోడ్ పాత పాఠాలలో చాలాచోట్ల కనబడుతుంది. తెలుగు స్ట్రింగ్స్ ఫైలు (తెర మీది మాటలు ఉండే ఫైలు) చేర్చిన రోజున ఆ అంశం పేరు తొలగించు అయిపోతుంది, పోలిక తప్పుతుంది, యాప్ మౌనంగా ఉండిపోతుంది. పోల్చవలసినది అంశం ఐడీని. పేరు వాడుకరి కోసం, ఐడీ కోడ్ కోసం.

తెలుగు పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పాపప్ మెనూలో ఒక్కో అంశం ఒకే పంక్తిలో చూపబడుతుంది. ఈ ఖాతాదారునికి బాకీ గుర్తుచేసే సందేశాన్ని పంపండి అని రాస్తే చిన్న తెర మీద సగం మాటలు కనబడవు. బాకీ గుర్తుచేయి అంటే చాలు. ఏ వరుసను నొక్కారో వాడుకరికి తెలుసు, దాన్ని మెనూలో మళ్ళీ చెప్పనక్కరలేదు.

లిస్ట్‌వ్యూ నుంచి రీసైక్లర్‌వ్యూకు మారాక మెనూఇన్ఫో (ఏ వరుసను నొక్కారో చెప్పే సమాచారం) నల్‌గా, అంటే ఖాళీగా, వస్తోంది. ఏ వరుసను నొక్కారో ఎలా తెలుసుకోవాలి?

లిస్ట్‌వ్యూ అయితే అడాప్టర్‌కాంటెక్స్ట్‌మెనూఇన్ఫో అనే వస్తువును తానే తయారు చేసి, అందులో స్థానం, ఐడీ, వరుస వ్యూ మూడింటినీ పెట్టి ఇస్తుంది. రీసైక్లర్‌వ్యూ అటువంటిది ఏదీ ఇవ్వదు. అందుకే పాత కోడ్‌ను అలాగే తెచ్చి పెడితే నల్ పాయింటర్‌తో యాప్ కూలుతుంది. అంతకన్నా ముందు మరో చిక్కు కూడా ఉంది. రీసైక్లర్‌వ్యూను మొత్తంగా నమోదు చేసి, వరుసలను లాంగ్‌క్లికబుల్ చేయకపోతే, నొక్కి పట్టుకోవడాన్ని ఎవరూ గుర్తించరు.

మేము సూచించే పద్ధతి, ఒక్కో వరుస వ్యూను పట్టి ఉంచే వ్యూహోల్డర్‌లోనే మెనూను తయారు చేయడం. ఐటమ్‌వ్యూకు సెట్‌ఆన్‌క్రియేట్‌కాంటెక్స్ట్‌మెనూలిజనర్‌ను పెట్టండి. అలా పెట్టగానే ఆ వ్యూ దానంతట అదే నొక్కి పట్టుకోదగినదిగా మారుతుంది. లిజనర్ లోపల బైండింగ్‌అడాప్టర్‌పొజిషన్‌ను అడిగి, దానితో ఖాతా ఐడీని తెచ్చుకుని, ప్రతి అంశానికీ ఆ ఐడీని పట్టుకున్న ఆన్‌మెనూఐటమ్‌క్లిక్‌లిజనర్‌ను తగిలించండి. అంశానికి సొంత లిజనర్ ఉంటే ముందుగా పిలుపు దానికే వెళుతుంది, అది ట్రూ ఇస్తే యాక్టివిటీ, ఫ్రాగ్మెంట్ల దాకా పోదు. దీనివల్ల మెనూఇన్ఫో అవసరమే తప్పిపోతుంది.

గెట్‌అడాప్టర్‌పొజిషన్ అనే పాత పద్ధతి రీసైక్లర్‌వ్యూ 1.2.0 నుంచి వాడవద్దన్న జాబితాలో చేరింది. దాని స్థానంలో బైండింగ్, అబ్సల్యూట్ అనే రెండు వచ్చాయి. కాన్‌కాట్‌అడాప్టర్‌తో పలు అడాప్టర్లను (జాబితాకు డేటా అందించే భాగాలను) కలిపినప్పుడు మొదటిది ఆ వరుస సొంత అడాప్టర్‌లోని స్థానాన్ని, రెండవది మొత్తం జాబితాలోని స్థానాన్ని చెబుతాయి. వరుస తొలగిపోతూ ఉన్న క్షణంలో అడిగితే నోపొజిషన్, అంటే మైనస్ 1 వస్తుంది, కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి.

ఒక ఖాతాను తొలగించమంటే వేరే ఖాతా పోయింది. ఇది ఎలా జరుగుతుంది?

ఈ పేజీలోని ప్రశ్నలన్నిటిలో దీన్నే అన్నిటికన్నా గంభీరంగా తీసుకోవాలని కోరుతున్నాము. మెనూ తెరుచుకోకపోతే వాడుకరికి చిరాకు కలుగుతుంది, అంతే. తప్పు వరుస మీద పనిచేసే మెనూ మాత్రం ఒకరి బాకీని మాయం చేసి, కొట్టు యజమానికీ ఖాతాదారునికీ మధ్య గొడవ పెడుతుంది. పైగా తొలగిన వరుస తెర మీద లేదు కనుక తప్పు జరిగిందని వెంటనే తెలియదు.

మూలం ఒక్కటే. స్థానాన్ని గుర్తింపుగా వాడటం. స్థానం ఆ క్షణానికి మాత్రమే నిజం. మెనూ తెరిచి ఉండగా సర్వర్ నుంచి కొత్త ఖాతా వచ్చి జాబితా పైన చేరితే, మూడో వరుస నాలుగోది అవుతుంది. మీ దగ్గర దాచుకున్న 3 అనే అంకె ఇప్పుడు ఇంకొకరిది. జాబితాను బాకీ మొత్తం ప్రకారం అమర్చే యాప్‌లో ఒక్క జమ నమోదైనా వరుసలన్నీ తారుమారవుతాయి.

రీసైక్లర్‌వ్యూలో మరో దారిలోనూ ఇదే జరుగుతుంది. ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్‌కు వచ్చిన పొజిషన్‌ను అక్కడి లిజనర్‌లో పట్టుకుని ఉంచితే, నోటిఫైఐటమ్‌రిమూవ్డ్ పిలిచిన తరువాత అది పాతబడుతుంది. ఎందుకంటే కింది వరుసలు పైకి జరుగుతాయే గాని వాటికి మళ్ళీ బైండింగ్ (వరుసలో డేటా నింపడం) జరగదు. మొదటి తొలగింపు సరిగానే ఉంటుంది, రెండోసారి నుంచి ఒక వరుస తేడా వస్తుంది. పరీక్షించేవారు ఒక్కసారి తొలగించి చూసి బాగుందని సంతకం పెడతారు కాబట్టి ఈ దోషం వాడుకరుల చేతికి చేరిపోతుంది.

పరిష్కారం ఏమిటంటే, మెనూ తెరుచుకునే క్షణంలోనే ఆ వరుస శాశ్వత ఐడీని, అంటే డేటాబేస్‌లోని ప్రాథమిక కీని, తీసుకుని పెట్టుకోవాలి. తరువాత ప్రతి పనీ దానితోనే చేయాలి. తొలగించేటప్పుడు ఆ ఐడీ ఇంకా ఉందో లేదో చూడాలి. లేకపోతే మరో వరుస జోలికి పోకుండా, ఆ ఖాతా ఇప్పుడు లేదని వాడుకరికి చెప్పాలి.

లిస్ట్‌వ్యూ వాడేవారు మెనూఇన్ఫోలోని ఐడీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అది అడాప్టర్‌లోని గెట్‌ఐటమ్‌ఐడీ నుంచి వస్తుంది. కర్సర్‌అడాప్టర్ అయితే పట్టికలోని ఐడీ గడినే ఇస్తుంది. అర్రేఅడాప్టర్ అయితే స్థానాన్నే ఐడీగా తిప్పి ఇస్తుంది. పేరు మారిందే తప్ప అది మళ్ళీ అదే అంకె. గెట్‌ఐటమ్‌ఐడీని మీరే తిరగరాసి నిజమైన కీని ఇవ్వాలి.

నిర్ధారణ డైలాగు చూపించేటప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. ఐడీని యాక్టివిటీలోని ఒక చరరాశిలో పెట్టి డైలాగ్ తెరిస్తే, ఫోన్‌ను అడ్డంగా తిప్పగానే యాక్టివిటీ కొత్తగా పుట్టి ఆ విలువ పోతుంది. డైలాగ్‌ఫ్రాగ్మెంట్ ఆర్గ్యుమెంట్లలో పెడితే నిలుస్తుంది. డైలాగులో ఖాతాదారుని పేరు, బాకీ మొత్తం తప్పక చూపండి. కోడ్‌లో ఏ పొరపాటు మిగిలినా, తొలగించే ముందు దాన్ని పట్టుకోగల చివరి మనిషి వాడుకరే.

లిస్ట్‌వ్యూలో ఎప్పుడూ సరిగ్గా ఒక వరుస తేడా వస్తోంది.

జాబితా పైన హెడర్ ఉండి ఉంటుంది. మొత్తం బాకీ చూపే వ్యూను యాడ్‌హెడర్‌వ్యూతో చేర్చితే, మెనూఇన్ఫోలోని స్థానం దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మీ అడాప్టర్‌కు మాత్రం హెడర్ సంగతి తెలియదు. అడాప్టర్‌ను నేరుగా అడగకుండా లిస్ట్‌వ్యూలోని గెట్‌ఐటమ్‌ఎట్‌పొజిషన్‌ను అడిగితే తేడా సర్దుకుంటుంది. హెడర్‌నే నొక్కి పట్టుకున్నప్పుడు మెనూ రాకూడదనుకుంటే, ఆ స్థానానికి అంశాలేవీ చేర్చకుండా వదిలేయండి. ఖాళీ మెనూ తెరుచుకోదని పైన చెప్పుకున్న సంగతి ఇక్కడ ఉపయోగపడుతుంది.

ట్యాబ్‌లు ఉన్న తెరలో ఒక ట్యాబ్‌లో ఎంచుకుంటే మరో ట్యాబ్‌లోని కోడ్ నడుస్తోంది.

బాకీలు, జమలు అనే రెండు ట్యాబ్‌లు ఒకే ఫ్రాగ్మెంట్ తరగతితో తయారైతే రెండింటి మెనూ అంశాల ఐడీలూ ఒకటే అవుతాయి. ఎంపిక వార్త ఫ్రాగ్మెంట్‌లకు వరుసగా వెళుతుంది, కనబడకుండా పక్కన సిద్ధంగా ఉన్న ఫ్రాగ్మెంట్ ముందు వరుసలో ఉంటే అదే ట్రూ అని పని చేసేస్తుంది. ఇది కూడా తప్పు వరుస మీద పని జరిగే రకమే కనుక తేలికగా తీసుకోకూడదు.

ట్యాబ్‌లను పక్కకు జరిపి చూపే వ్యూపేజర్2లో కనబడుతున్న ఫ్రాగ్మెంట్ మాత్రమే రిజ్యూమ్డ్ స్థితికి చేరుతుంది, మిగతావి స్టార్టెడ్ దగ్గరే ఆగుతాయి. అందువల్ల పద్ధతి మొదట్లోనే ఈజ్‌రిజ్యూమ్డ్ కాకపోతే ఫాల్స్ ఇచ్చి తప్పుకోమని రాయవచ్చు. పాత వ్యూపేజర్‌లో గెట్‌యూజర్‌విజిబుల్‌హింట్‌తో ఈ పరీక్ష చేసేవారు. ప్రతి ట్యాబ్‌కూ వేరే గ్రూప్ ఐడీ ఇచ్చి, ఎంపికలో దాన్ని సరిచూడటం ఏ పేజర్‌లోనైనా పనిచేసే మార్గం. అంశానికే లిజనర్ తగిలించే పైపద్ధతిని వాడినవారికి ఈ సమస్యే ఉండదు.

ఎక్స్‌పాండబుల్ జాబితాలో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ వస్తోంది. ఉపమెనూలో మెనూఇన్ఫో నల్ అవుతోంది.

ఎక్స్‌పాండబుల్‌లిస్ట్‌వ్యూ ఇచ్చేది ఎక్స్‌పాండబుల్‌లిస్ట్‌కాంటెక్స్ట్‌మెనూఇన్ఫో. అందులో స్థానం ప్యాక్ చేసిన రూపంలో ఉంటుంది. గెట్‌ప్యాక్డ్‌పొజిషన్‌టైప్‌తో అది గుంపా లోపలి వరుసా అన్నది ముందు తెలుసుకుని, ఆ తరువాతే గుంపు సంఖ్యను, లోపలి సంఖ్యను విడదీయాలి. వీధుల వారీగా ఖాతాలను గుంపులు చేసిన తెరలో వీధి పేరును నొక్కితే ఒక మెనూ, ఖాతాను నొక్కితే మరో మెనూ ఇలా ఇవ్వవచ్చు.

ఉపమెనూలోని అంశం మెనూఇన్ఫోను ఇవ్వకపోవడం చాలాకాలంగా ఉన్న ఇబ్బంది. మాతృ మెనూ తెరుచుకున్నప్పుడే ఐడీని దాచుకుంటే దాటవచ్చు. అయినా జాబితా మెనూలో ఉపమెనూ పెట్టవలసినంత పని ఉంటే, దానికి విడిగా ఒక తెర ఇవ్వడమే మేలు.

మెనూలో బొమ్మలు కనబడటం లేదు. మెనూ ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట వస్తోంది.

కాంటెక్స్ట్ మెనూలు బొమ్మలను చూపవు. అది ఆండ్రాయిడ్ చేసుకున్న నిర్ణయం, మీ కోడ్ తప్పు కాదు. బొమ్మలు తప్పనిసరైతే పాపప్‌మెనూ వాడి, ఆండ్రాయిడ్ 10 నుంచి అందుబాటులో ఉన్న సెట్‌ఫోర్స్‌షోఐకాన్‌ను పిలవండి. ఇక చోటు సంగతి. ఆండ్రాయిడ్ 7.0కు ముందు మెనూ తెర మధ్యలో డైలాగులా వచ్చేది, 7.0 నుంచి వేలు పెట్టిన చోటనే తేలే వీలు వచ్చింది. తెర చిత్రాలతో సహాయ పేజీలు రాసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

తెరలను తయారుచేసే కొత్త సాధనమైన జెట్‌ప్యాక్ కంపోజ్‌లో ఒక వరుసను నొక్కితే అన్ని వరుసల మెనూలూ తెరుచుకుంటున్నాయి.

మెనూ తెరిచి ఉందా లేదా అన్న స్థితిని జాబితా మొత్తానికి ఒకే బూలియన్‌గా పెట్టారు, దాన్ని ప్రతి వరుసా చదువుతోంది. బూలియన్‌కు బదులుగా, మెనూ తెరిచి ఉన్న ఖాతా ఐడీని స్థితిగా ఉంచండి. ఏదీ తెరిచి లేకపోతే అది నల్. ప్రతి వరుసా తన ఐడీ దానితో సమానమైతేనే డ్రాప్‌డౌన్‌మెనూను తెరుస్తుంది. ఒకేసారి రెండు మెనూలు తెరుచుకునే అవకాశమే ఉండదు.

స్థితిని ఒక్కో వరుసలో రిమెంబర్‌తో పెట్టుకున్నవారికి వేరే చిక్కు వస్తుంది. కంపోజ్‌లోని జాబితా అయిన లేజీకాలమ్‌కు కీ ఇవ్వకపోతే ఆ గుర్తు స్థానానికి అంటుకుని ఉంటుంది. ఒక ఖాతాను తొలగించగానే దాని చోటికి వచ్చిన తరువాతి ఖాతాకు తెరిచిన మెనూ సంక్రమిస్తుంది. ఐటమ్స్‌కు కీగా ఖాతా ఐడీని ఇవ్వడం ఇక్కడ ఐచ్ఛికం కాదు.

నొక్కడానికి, నొక్కి పట్టుకోవడానికి కలిపి కంబైన్డ్‌క్లికబుల్ వాడండి. క్లికబుల్‌ను ఒకచోట, నొక్కి పట్టుకోవడాన్ని గమనించే పాయింటర్‌ఇన్‌పుట్‌ను మరోచోట పెడితే ఒకటి రెండోదాని తాకిడిని తీసేసుకునే ప్రమాదం ఉంది. మెనూ వరుసకు దూరంగా తెర మూలలో తేలుతుంటే, డ్రాప్‌డౌన్‌మెనూ ఆ వరుసతో పాటు ఒకే బాక్స్‌లో లేదన్నమాట.

ఐఫోన్ యాప్‌లో కూడా ఇదే తీరా?

దారి వేరు, మూలసూత్రం ఒకటే. 2019లో ఐఓఎస్ 13తో ఇప్పటి కాంటెక్స్ట్ మెనూలు వచ్చాయి. టేబుల్‌వ్యూ డెలిగేట్‌లో వరుసకు మెనూ రూపురేఖను ఇచ్చే పద్ధతి నిల్ ఇస్తే మెనూ రాదు, డెలిగేట్‌ను కలపడం మరిచినా రాదు. ఆ రూపురేఖకు ఐడెంటిఫయర్ ఇచ్చే వీలుంది. చాలామంది అందులో ఇండెక్స్‌పాత్‌ను పెడతారు, దానికి బదులు ఖాతా ఐడీని పెట్టండి. జాబితా మధ్యలో మారితే ఇండెక్స్‌పాత్ కూడా స్థానంలాగే తప్పుతుంది.

మా దగ్గర పనిచేస్తోంది, వాడుకరి మాత్రం మెనూ రాదంటున్నారు. ఏమి అడగాలి?

ఫోన్‌లోని యాక్సెసిబిలిటీ సెట్టింగులలో నొక్కి పట్టుకునే వ్యవధిని పొట్టి, మధ్యస్థం, పొడవు అని మార్చుకోవచ్చు. పొడవు పెట్టుకున్నవారు వేలును త్వరగా తీసేస్తే అది మామూలు నొక్కుగా లెక్కకు వస్తుంది. మీ కోడ్‌లో సొంత టైమర్ పెట్టి అర సెకను అని లెక్కిస్తుంటే ఆ సెట్టింగుకు విలువ లేకుండా పోతుంది. వ్యూకాన్ఫిగరేషన్‌లోని గెట్‌లాంగ్‌ప్రెస్‌టైమౌట్‌ను అడగండి.

అసలు నొక్కి పట్టుకోవాలన్న సంగతే వాడుకరికి తెలియకపోవచ్చు. ఈ సంజ్ఞకు తెర మీద ఏ గుర్తూ ఉండదు. కొట్టులో గల్లా పెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన దాన్ని తనంతట తాను కనుక్కుంటారని ఆశించకూడదు. ప్రతి వరుస చివరా మూడు చుక్కల బటన్ పెట్టి, అదే మెనూను దాని నుంచి కూడా తెరవాలని మేము గట్టిగా సూచిస్తాము. రెండు దారులూ ఒకే కోడ్‌ను పిలవాలి, లేకపోతే ఒకదానిలో చేర్చిన అంశం మరోదానిలో ఉండదు.

చూపు లేనివారు ఈ మెనూను ఎలా వాడతారు?

తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవారు వరుస మీదికి వచ్చి, రెండుసార్లు తట్టి రెండోసారి వేలు తీయకుండా పట్టుకుంటే అది నొక్కి పట్టుకోవడంగా చేరుతుంది. అలా చేస్తే ఏమి జరుగుతుందో టాక్‌బ్యాక్ చెప్పగలగాలంటే మీరు మాట ఇవ్వాలి. కంపోజ్‌లో కంబైన్డ్‌క్లికబుల్‌కు ఆన్‌లాంగ్‌క్లిక్‌లేబుల్ ఉంది, దానికి ఖాతా పనులు చూపించు వంటి తెలుగు మాటను స్ట్రింగ్స్ ఫైలు నుంచి ఇవ్వండి. పాత వ్యూలలో వ్యూకంపాట్ ద్వారా సవరించు, తొలగించు వంటి పనులను యాక్సెసిబిలిటీ చర్యలుగా చేర్చితే, మెనూ తెరవకుండానే అవి టాక్‌బ్యాక్ జాబితాలో కనబడతాయి. మూడు చుక్కల బటన్‌కు మరిన్ని అని మాత్రమే వివరణ పెడితే ప్రతి వరుసలోనూ అదే మాట వినబడి ఎవరి ఖాతానో తెలియదు, కాబట్టి ఆ వివరణలో ఖాతాదారుని పేరును కూడా చేర్చండి.